కొలబద్ద గారి అరటి పిలకలు

సర్వే ఆఫీసులో ముప్ఫై మూడేళ్లు పనిచేసి ఆయన రిటైరయ్యాడు. ఎవరి ప్రహరీగోడ ఎవరి స్థలంలోకి ఎన్ని అంగుళాలు జరిగిందో చూపుతోనే చెప్పేసేవాడు కాబట్టి వీధిలో వాళ్లు ఆయనకు కొలబద్ద అని పేరు పెట్టుకున్నారు. ఎదురుపడితే మాత్రం సార్ అనేవారు. ఆ పేరు సంగతి ఆయనకూ తెలుసు. తన నిక్కచ్చితనానికి జనం ఇచ్చిన బిరుదు అది అని ఆయన నమ్మకం. నమ్మకాల మీద పన్ను లేదు గనక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

రిటైరైన మొదటి నెలలో ఇంట్లో ఉన్న ప్రతిదాన్నీ కొలిచాడు. వంటింటి గట్టు ఒక పక్కకి అర అంగుళం వాలి ఉందని కనిపెట్టి, "ఇన్నేళ్లూ దీని మీద కూరలు ఎలా తరిగావే?" అని భార్యను నిలదీశాడు.

"కత్తితో తరిగానండీ" అంది ఆవిడ.

రెండో నెలకి కొలవడానికి ఇంట్లో ఏమీ మిగలక పెరటి తలుపు తీశాడు. బట్టలు ఉతికే బండ, దాని పక్కన నీళ్లు పోయే కాలవ, ఆ కాలవ దాటాక గోడ దాకా ఖాళీ స్థలం. ఆ స్థలంలో ఇన్నాళ్లూ పిచ్చి మొక్కలు ఎవరి అనుమతీ లేకుండా హాయిగా పెరిగాయి. ఆయన టేపు పట్టుకుని రెండు రోజులు కొలిచాడు. ఆరడుగులకొకటి చొప్పున సరిగ్గా అరవై చెట్లు పడతాయని తేల్చాడు. ఏ చెట్లు అన్న ప్రశ్న తర్వాత వచ్చింది. అరటి అనుకున్నాడు, ఎందుకంటే అరటి దగ్గర లెక్కలు బాగా కుదిరాయి.

"చూడు," అన్నాడు భార్యను కుర్చీలో కూర్చోబెట్టి. "ఒక్కో చెట్టు ఎనిమిది పిలకలు వేస్తుంది. ఈ ఏడు అరవై. వచ్చే ఏడు నాలుగు వందల ఎనభై. ఆపై ఏడు మూడు వేల ఎనిమిది వందల నలభై. నాలుగో ఏడు ఎంతో చెప్పు?"

"అన్నిటినీ ఎక్కడ పెడతామండీ?"

"ముప్ఫై వేల ఏడు వందల ఇరవై!" అన్నాడు ఆయన, ప్రశ్న వినపడనట్టు.

ఇక్కడ ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ పుట్టింది నర్సరీ నడిపే ఇంట్లో. పదేళ్లు వచ్చేసరికి గునపం పట్టి తల్లిచెట్టుకి దెబ్బ తగలకుండా పిలక తీయడం నేర్చుకుంది. పెళ్లయ్యాక ఆ విద్య అవసరం ఎవరికీ పడలేదు. ఆవిడ నర్సరీ వాళ్లమ్మాయి అన్న సంగతి భర్తకి తెలియక కాదు. ఆవిడ రక్తం గ్రూపు తెలిసినట్టే అదీ తెలుసు. ఎవరైనా అడిగితే చెప్పగలడు, తనంతట తను గుర్తు చేసుకునే సందర్భం రాలేదు, అంతే.

నర్సరీని ఇప్పుడు ఆవిడ తమ్ముడు నడుపుతున్నాడు. అక్క కబురు పెట్టగానే ఏరి ఏరి అరవై పిలకలు తవ్వించి, బండి మీద వేసుకుని తనే వచ్చాడు. అవన్నీ సూది పిలకలు. అంటే తల్లి దుంపలోంచి నేరుగా పొడుచుకొచ్చి, కింద లావుగా, పైకి సన్నగా ఉండి, కత్తుల్లాంటి ఆకులు వేసేవి. నాటడానికి వీలుగా ఆకులన్నీ కోసేసి, వేళ్లు చెక్కేసి, మట్టి దులిపి తెచ్చాడు. కొలబద్ద గారు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏంటోయ్ ఇవి? నేనడిగింది అరటి మొక్కలు. కంద దుంపలు కాదు."

"అరటివే బావగారూ. మంచి పిలకలు. ఆకులు తీసేశాను."

"అదే కదా అడుగుతున్నా. ఆకుల్లేని మొక్క మొక్కెలా అవుతుంది?"

"బావగారూ, ఆకులు చూసి పిలకని ఎంచుకోవడమంటే జుట్టు చూసి గుమస్తాని ఉద్యోగంలో పెట్టుకోవడమే."

ఈ మాట ఇంకెవరితో అన్నా నవ్వేవాళ్లు. నడినెత్తిన వెంట్రుకన్నది లేని బావగారితో అనడం వల్ల కాస్త వేరుగా వినపడింది. ఆయన మొహం ముడుచుకుని, "పదో తరగతి నాలుగుసార్లు రాసినవాడి దగ్గర నేను వృక్షశాస్త్రం నేర్చుకోవాలా?" అన్నాడు.

నిజానికి మూడుసార్లే. ఆ అంకెను బావగారు ఎప్పుడు చెప్పినా ఒకటి కలిపి చెప్పేవాడు. కొలతల్లో ఆయన చేసే తప్పు అదొక్కటే. బావమరిది బండి వెనక్కి తిప్పాడు. తిప్పేలోగా అక్క వెళ్లి నాలుగు పిలకలు తీసి ఉతికే బండ వెనక పెట్టుకుంది.

మర్నాడు కొలబద్ద గారే స్వయంగా నర్సరీకి వెళ్లాడు. అక్కడ ఒక మూల, పారేయడానికి తవ్విన పిలకలు కుప్పగా పడి ఉన్నాయి. ముసలి దుంపల మీద పైపైన మొలిచినవి. కింద బొటనవేలంత మొదలు, పైన మాత్రం చేటల్లాంటి ఆకులు, పచ్చగా నిగనిగలాడుతూ.

"ఇవీ మొక్కలంటే!" అన్నాడు ఆయన. "మంచివన్నీ ఇక్కడ దాచి నాకు దుంపలు అంటగట్టావన్నమాట."

బావమరిది గొంతు దాకా వచ్చిన మాటను మింగాడు. అతను మంచివాడే. కానీ పదిమంది కూర్చున్న చోట ఆ పదో తరగతి ప్రస్తావన ఎన్నిసార్లు వచ్చిందో అతనికీ లెక్క ఉంది. "కనిపెట్టేశారు బావగారూ. మీ దగ్గర ఏదీ దాగదు. పట్టుకెళ్లండి" అన్నాడు. పైగా ఆకులు నలగకుండా గోనె కప్పి, దగ్గరుండి బండి ఎక్కించాడు.

నాటడం మూడు రోజులు పట్టింది. గుంతలు కూలివాళ్లు తవ్వారు. వరసలు మాత్రం కొలబద్ద గారు దారం కట్టి చూశాడు. ఏ పక్కనుంచి చూసినా, ఏటవాలుగా చూసినా ఒక్క మొక్క గీత దాటి ఉండకూడదు.

"ఏవండీ, ఈ వెడల్పాకులవి నిలబడవండీ" అంది భార్య. "మా నాన్న వీటిని గేదెలకి వేయించేవాడు."

"మీ నాన్నగారి రోజులు వేరు. ఆ దారం కొస కాస్త గట్టిగా పట్టుకో."

ఆవిడ పట్టుకుంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిడ అలా పట్టుకున్న కొసలన్నీ కలిపి లాగితే సర్వే ఆఫీసు చుట్టూ నాలుగు చుట్లు వస్తాయి. ఆ సాయంత్రం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు కాలవ గట్టున నాలుగు గుంతలు తీసి, తన నాలుగు దుంపల్నీ పాతిపెట్టి, చుట్టూ మట్టి తొక్కింది. దారం కట్టలేదు. నాలుగూ నాలుగు పక్కలకి ఉన్నాయి.

నెల తిరిగేసరికి అరవై మొక్కల తోట చూడముచ్చటగా ఉంది. ఆకులు గాలికి ఊగుతుంటే కొలబద్ద గారు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. వచ్చిన ప్రతివాడినీ పెరట్లోకి తీసుకెళ్లి, మూల మీద నిలబెట్టి, ఒక కన్ను మూసుకుని వరస చూడమనేవాడు. గోడ అవతల బట్టలు కుట్టే ఆవిడ ఉండేది. "ఎంత తిన్నగా ఉన్నాయో అన్నయ్యగారూ, కుట్టు వేసినట్టున్నాయి" అని ఆవిడ అన్న రోజున ఆయన అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

కాలవ గట్టు మీద అప్పటికి నాలుగు పచ్చని సూదులు మాత్రం లేచాయి. "అయ్యో పాపం" అన్నాడు ఆయన వాటిని చూసి. మనస్ఫూర్తిగానే అన్నాడు.

నాలుగో నెల నుంచి మొక్కల మొదళ్లలో పిలకలు రావడం మొదలైంది. భార్య కొడవలి పట్టుకుని, మూడు వారాలకొకసారి తన నాలుగు చెట్ల కిందా వచ్చిన ప్రతి పిలకనీ నేలమట్టానికి కోసేసేది. గెల వేసేదాకా తల్లి బలాన్ని పిల్లలు తినేయకూడదు. ఆ కొడవలితోనే అరవై చెట్ల వైపు ఒక అడుగు వేసేసరికి ఆయన చేతులు రెండూ చాచి అడ్డం పడ్డాడు.

"ఆగు! ఏం చేస్తున్నావో తెలుస్తోందా? నువ్వొక్కటి కోస్తే నాలుగో ఏటికి అరవై నాలుగు చెట్లు పోయినట్టు!"

"ఉంచితే మొదటి ఏటికే ఏమీ మిగలదండీ."

"లెక్క అర్థం కానివాళ్లతో వాదించలేను."

ఆవిడ కొడవలి చూరులో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు కూరలో ఉప్పు లేదు.

పిలకలు ఎనిమిదేసి కాదు, పన్నెండేసి వచ్చాయి. ఆయన ఆనందానికి హద్దు లేదు. తల్లిచెట్లు మాత్రం పిల్లల మధ్య ఇరుక్కుని, సన్నపు బోదెలతో ఆయన భుజం దాకా వచ్చి ఆగిపోయాయి. వరస చూద్దామంటే వరస ఎక్కడుందో కనపడనంత గుబురు. తొమ్మిదో నెలలో కొన్ని గెలలు వేశాయి. ఒక్కో గెలకి రెండు హస్తాలు, ఒక్కో కాయ చిటికెన వేలంత. "ఇది చిన్న రకం. రుచి ఎక్కువ ఉంటుంది" అన్నాడు ఆయన. ఆ రకం ఏమిటన్నది ఆయనకీ తెలియదు, అరటికీ తెలియదు.

కాలవ గట్టున ఆ నాలుగూ ఈపాటికి ఇంటి చూరు దాటాయి. బోదెలు రెండు చేతులకి అందడం లేదు. గెలలు ఒక్కోటీ తొమ్మిదేసి హస్తాలతో వంగి ఉన్నాయి. పువ్వు దిగాక ఆవిడ కొడవలి పక్కన పెట్టి, పిలకల్ని రానిచ్చింది. ఆయన వాటి పక్కనుంచి స్నానానికి వెళ్లేటప్పుడు గోడ వైపు చూస్తూ వెళ్లేవాడు.

ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. పెద్దదేమీ కాదు, బట్టలు కుట్టే ఆవిడ రేకు కూడా లేవలేదు. అరగంటకి వెలిసింది. కొలబద్ద గారు పెరటి తలుపు తీసి గడప మీదే నిలబడిపోయాడు. అరవై తల్లిచెట్లూ ఒకే దిక్కుకి పడి ఉన్నాయి, ఒకదాని తల ఇంకోదాని మొదట్లో. పడటంలో కూడా వరస తప్పలేదు. నాలుగు ఆకులు చిరిగి, కాలవ గట్టు చెట్లు మాత్రం అలాగే నిలబడ్డాయి.

మర్నాడు బావమరిది వచ్చాడు. పరామర్శకే వచ్చాడుగానీ, దారిలో నాలుగైదు మాటలు బాగా పదును పెట్టుకుని వచ్చాడు. "బావగారూ, ఆ జుట్టున్న గుమస్తాలు..." అని ఎత్తుకోగానే అక్క వంటింట్లోంచి, "ఒరే, ఇలా రా. ఈ డబ్బా మూత రావట్లేదు" అని కేకేసింది. లోపలికి వెళ్లాక డబ్బా లేదు, మూతా లేదు.

"ఒక్క మాట మాట్లాడావంటే నీకూ నాకూ పడదు" అంది గొంతు తగ్గించి. "ఆ కుప్పలోవి ఎక్కించి పంపిందెవరు? గోనె కప్పి మరీ?"

తమ్ముడు తల దించుకున్నాడు. "చెప్తే వినే మనిషా అక్కా?"

"వినడు. నువ్వు రెండోసారి చెప్పావా?"

అతను మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. కొలబద్ద గారు పది రోజులు ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. పడిపోయినవన్నీ, పిలకలతో సహా, కూలివాళ్లతో తీయించాడు. ఖాళీ అయిన నేలను కొలవలేదు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, మళ్లీ మొదటి పేజీకి వచ్చేవాడు. భార్య ఒక్కసారైనా 'నేను ముందే చెప్పాను' అంటుందని ఎదురుచూశాడు. అంటే దెబ్బలాడి తేలికపడొచ్చు. ఆవిడ అనలేదు. ఇంతకన్నా క్రూరత్వం ఉంటుందా!

పదకొండో రోజు ఆవిడ కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆటో వీధి మలుపు తిరగగానే ఆయన గునపం తీసుకుని కాలవ గట్టుకి వెళ్లాడు. అన్నిటికన్నా పెద్ద చెట్టు పక్కన మోకాలెత్తున ఒక సూది పిలక ఉంది. దాన్ని తీసి ఖాళీ నేలలో నాటేస్తే, ఆవిడ వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది. అడగాల్సిన పని ఉండదు. ఎక్కడ పొడవాలో మాత్రం తెలియక ఆయన గునపాన్ని పిలకకీ తల్లికీ మధ్య పెట్టకుండా, కాస్త ఇవతలగా, తల్లి దుంపలోకే దించాడు. ఒకటి కాదు, నాలుగు పోట్లు. ఐదో పోటుకి కింద ఏదో చిట్లిన చప్పుడైంది. తొమ్మిది హస్తాల గెలతో సహా చెట్టు మెల్లగా ఆయన మీదికి ఒరిగింది.

ఆయన గునపం వదిలేసి చెట్టుని కావలించుకున్నాడు. వదిలితే పడిపోతుంది. పట్టుకుంటే మరి ఎంతసేపు? కొయ్య తేవడానికి కదలలేడు, పిలవడానికి అభిమానం. ముప్పావు గంట అలాగే ఉన్నాడు. అరటి బంక చొక్కా మీదికి కారింది. చీమలు కాళ్ల మీదుగా పైకి వచ్చాయి.

బట్టలు కుట్టే ఆవిడ గోడ మీంచి తొంగి చూసింది. "ఏంటన్నయ్యగారూ, ఏం చేస్తున్నారు?"

"బోదె చుట్టుకొలత చూస్తున్నానమ్మా."

"టేపు ఇమ్మంటారా?"

"అక్కర్లేదు. ఇలాగే చూస్తారు."

"ఎంతసేపు చూస్తారు?"

ఆయన చెట్టుని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ లోపలికి వెళ్లి స్టూలు తెచ్చుకుని, కుడుతున్న జాకెట్టు ఒళ్లో పెట్టుకుని, గోడ పక్కన సర్దుకుని కూర్చుంది. ఇంకో అరగంటకి ఆటో చప్పుడు వినపడింది.

డాక్టరు చుక్కల మందు వేయడం వల్ల ఆవిడకి అన్నీ అలికేసినట్టు కనపడుతున్నాయి. పెరటి గుమ్మంలో నిలబడి కళ్లు చికిలించి, "ఏవండీ, మీ పక్కన ఆ పొడుగాయన ఎవరు?" అంది.

"నేనే. అంటే... చెట్టు."

ఆవిడ తడుముకుంటూ దగ్గరికి వచ్చింది. గునపం కాలికి తగిలింది. వంగి చేత్తో మొదలు తడిమి చూసింది.

"పిలక తీద్దామనా?"

"ఆ."

"నన్ను అడగొచ్చుగా?"

"ఎలా అడగాలో తెలీలేదు."

అది నిజం. ముప్ఫై మూడేళ్లు ఊరందరికీ సమాధానాలు చెప్పిన మనిషి అడగడం ఎప్పుడో మరిచిపోయాడు.

ఆవిడ గోడ వైపు తిరిగి, "వదినా, చూసింది చాలు, మీ పందిట్లోవి రెండు వెదుళ్లు ఇటు పడేయండి" అంది. వెదుళ్లు రెండూ కత్తెరలా కట్టి గెల మెడ కింద ఆనించాక ఆయన చేతులు వదిలాడు. అవి కాసేపు అలాగే ముందుకు చాచి ఉండిపోయాయి.

"బతుకుతుందా?"

"సగం దుంప బాగానే ఉంది. మట్టి ఎగదోస్తే కాయ ముదిరేదాకా ఉంటుంది. ఇలా కూర్చోండి."

ఆవిడ రెండో చెట్టు దగ్గర చతికిలబడింది. చూపు ఆనడం లేదు గనక వేళ్లతోనే మట్టి తీసింది. తల్లికీ పిలకకీ మధ్య జానెడు లోతుకి వెళ్లాక ఆయన చెయ్యి పట్టుకుని ఆ గుంతలో పెట్టింది.

"ఇక్కడ సన్నగా తగులుతోందా? అదే మెడ. గునపం వీపు తల్లి వైపు, మొన పిల్ల వైపు. ఒక్క దెబ్బ. రెండోది వేయాల్సి వచ్చిందంటే మొదటిది తప్పు."

కళ్లు మూసుకుని ఒక్క పోటు వేసింది. పిలక గుండ్రటి దుంపతో, దాని వేళ్లతో, ఊడి చేతికొచ్చింది. తల్లిచెట్టు ఆకైనా కదలలేదు. కొలబద్ద గారు ఆ పిలకను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. ఆవిడ చీర కుచ్చిళ్లకి మట్టి, కళ్ల నిండా మందు నీళ్లు.

"ఎప్పుడు నేర్చుకున్నావివన్నీ?"

"మీరు సర్వే ఆఫీసుకి అర్జీ పెట్టుకోకముందు" అంది ఆవిడ.

ఆ వారంలోనే కొలబద్ద గారు అరటి సాగులో నిపుణుడైపోయాడు. పాలవాడికీ, కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాడికీ, సూది పిలకకీ వెడల్పాకు పిలకకీ తేడా వివరించాడు. మెడ ఎక్కడుంటుందో, దెబ్బ ఎటు పడాలో గాల్లో చేత్తో చూపించాడు. ఆదివారం నాడు బావమరిది వస్తే అతన్నీ వదల్లేదు.

"ఆకులు చూసి పిలకని ఎంచుకోకూడదోయ్. మొదలు చూడాలి. మీ నర్సరీల్లో ఇవన్నీ ఎవరు చెప్తారులే."

బావమరిది అక్క వైపు చూశాడు. అక్క ఆకాశం వైపు చూసింది.

"నిజమే బావగారూ," అన్నాడు అతను. "ఇన్నాళ్లూ చీకట్లో ఉన్నాం."

"మీ అక్కక్కూడా నేర్పిస్తున్నా."

ఆవిడ లేచి వెళ్లి గునపం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నాటడానికి పన్నెండు పిలకలు నీడలో సిద్ధంగా ఉన్నాయి. "అయితే గుంతలు మీరు తీయండి. నేను చూసి నేర్చుకుంటాను" అంది.

కాదనడానికి దారి లేదు. అక్కాతమ్ముళ్లు ఉతికే బండ మీద కూర్చుని, మొదట పండిన గెలలోంచి చెరో పండూ ఒలుచుకున్నారు. ఎండ ఇంకా ఎక్కలేదు. కొలబద్ద గారు మొదటి గుంత తీసి, చొక్కా చేతులు పైకి మడిచి, రెండోది తీశాడు. మూడో గుంత దగ్గర ఆగి, వీళ్ల వైపు తిరిగి, కాసేపు తటపటాయించాడు.

"ఈ లోతు చాలుతుందంటావా?" అన్నాడు భార్యతో.

బావమరిది నోట్లో పండు నోట్లోనే ఉండిపోయింది. ఆవిడ లేచి వెళ్లి గుంతలోకి చూసింది.

"ఇంకో బెత్తెడు" అంది.

ఆయన గునపం ఎత్తాడు.